పాత విమాన ప్రమాదం రిపోర్టు చదవడం ఎలా? కలకత్తా కామెట్‌తో మూడు ఆదివారాలు

మా బావమరిది కొడుకు ఏరోనాటికల్ మూడో ఏడు చదువుతున్నాడు. ఏదో ఒక పాత విమాన ప్రమాదం తీసుకుని పది పేజీలు రాసుకు రమ్మని కాలేజీలో చెప్పారట. ఓ ఆదివారం పొద్దున్నే బోయిన్‌పల్లిలో మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు. "మావయ్యా, 1953 కలకత్తా కామెట్ తీసుకున్నా. గాలివానలో చిక్కుకుని విరిగిపోయింది. అంతే. రెండు పేజీల్లో అయిపోయింది. మిగతా ఎనిమిది ఎలా నింపాలి?"

నేను బేగంపేటలో ముప్పై ఒక్క ఏళ్ళు విమానాల రేకు పని చేసి రిటైరైనవాణ్ణి. ఇంజనీర్ని కాదు. రేకు కోయడం, వంచడం, రివెట్లు కొట్టడం, పగుళ్ళు వెతకడం, ఇదీ నా చదువు. ప్రమాదాల రిపోర్టులు చదవమని నాకెవరూ చెప్పలేదు. కానీ ఈ రంధ్రం మూల ఇంత గుండ్రంగానే ఎందుకుండాలి, ఈ రేకును ఇన్ని గంటలకోసారి ఎందుకు చూడాలి అని అడుగుతూ వెనక్కి వెళ్తే చాలాసార్లు ఏదో ఒక ప్రమాదం దగ్గర ఆగేవాణ్ణి. అలా అలవాటైంది. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో విమానం లేచిన కాసేపటికే కూలినప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో సాయంత్రంలోగా నాలుగు కారణాలు తేల్చేశారు. ప్రాథమిక నివేదిక రావడానికే నెల పట్టింది. అప్పుడే అనుకున్నాను, రిపోర్టు ఎలా చదవాలో ఒకసారి కూర్చుని రాయాలని. మావాడి పుణ్యమా అని ఇప్పుడు కుదిరింది.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక పొడుగు నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు, స్కేలు, స్కూలు అట్లాసు, మూరెడు కట్టుతీగ, ఒక పాత న్యూస్‌పేపరు. తీగా పేపరూ ఎందుకో తర్వాత చెప్తాను. పాత ప్రమాదాల సారాంశాలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వేసిన సర్క్యులర్లలో ఉంటాయి, వెతికితే నెట్‌లో దొరుకుతాయి. దొరికిన రిపోర్టును తెర మీద చదవకండి. ప్రింటు తీయండి, ఎందుకంటే మీరు దాన్ని పెన్నుతో పాడు చేయబోతున్నారు.

ముందు మన ప్రమాదం సంగతి. కామెట్ అంటే ప్రయాణికులను మోసిన మొదటి జెట్ విమానం, బ్రిటన్‌లో డీ హావిలాండ్ కంపెనీ తయారు చేసింది. 1952 మే 2న లండన్ నుంచి జోహన్నెస్‌బర్గ్‌కు మొదటి సర్వీసు మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, బ్రిటన్ విమాన సంస్థ బీఓఏసీ వారి కామెట్ ఒకటి సింగపూర్ నుంచి లండన్ వెళ్తూ కలకత్తా డమ్‌డమ్‌లో ఆగి, మళ్ళీ ఢిల్లీకి లేచింది. ఆరు నిమిషాల తర్వాత అందులో ఉన్న 43 మందిలో ఒక్కరూ మిగల్లేదు. టికెట్ కొనుక్కుని జెట్ ఎక్కిన ప్రయాణికులు చనిపోయిన మొదటి ప్రమాదం అదే. రెక్కలు లేని విమానం మంటల్లో పడిపోవడం జగల్‌గోరి అనే పల్లె దగ్గర జనం చూశారు.

ఇంతవరకు మావాడి రెండు పేజీల్లో ఉంది. పని ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

మొదట గడియారం

రిపోర్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు వెళ్ళి, టైము ఎక్కడ కనిపించినా గుండ్రంగా చుట్టండి. తర్వాత వాటిని వరసగా నోటుబుక్కులో ఒక్కో లైనుకి ఒక్కోటి రాసుకోండి. కారణం గురించి చెప్పే పేజీలు అప్పుడే చదవొద్దు. చదివితే మీ కళ్ళు ఆ కారణాన్నే వెతుకుతాయి, మిగతావి జారిపోతాయి.

పాత రిపోర్టుల్లో టైములు చాలావరకు గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటాయి. మనకు ఐదున్నర గంటలు కలపాలి. ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. నేను ఈ కామెట్ గురించి మొదటిసారి చదివినప్పుడు 10 గంటల 59 నిమిషాలని చూసి, పొద్దున పదకొండుకి లేచిందనుకున్నాను. అంత పొద్దున్నే అంత గాలివాన ఏమిటి, ఎవరో ఏదో దాస్తున్నారని వారం రోజులు గొప్ప అనుమానంతో తిరిగాను. డ్యూటీలో పక్కవాడికి లెక్చరు కూడా ఇచ్చాను. ఐదున్నర కలిపితే సాయంత్రం 4 గంటల 29 నిమిషాలు. మే నెల, బెంగాల్, సాయంత్రం నాలుగున్నర. అక్కడివాళ్ళు కాలబైశాఖి అని పిలిచే గాలివాన వచ్చే వేళే అది. పగలంతా నేల కాగి, సాయంత్రానికి వాయవ్యం వైపు నుంచి నల్లగా లేచి వస్తుంది. ఢిల్లీ కలకత్తాకు ఏ దిక్కున ఉందో అట్లాసులో చూడండి. అదే వాయవ్యం.

చూశారా, ఒక్క టైము సరిచేస్తే ఎన్ని సర్దుకున్నాయో. మావాడు తన రెండు పేజీల్లో టైమే రాయలేదు.

తర్వాత నేల

ఇప్పుడు మ్యాపు గీయండి. బాగా రాకపోయినా పర్వాలేదు. బయల్దేరిన చోటు, పడిన చోటు, మధ్యలో గీత. పడిన చోటు విమానాశ్రయానికి దాదాపు 25 మైళ్ళు, వాయవ్యంగా. ఆరు నిమిషాల్లో 25 మైళ్ళంటే గంటకు 250 మైళ్ళు, మన లెక్కలో గంటకు నాలుగు వందల కిలోమీటర్లు. నేల మీంచి లేచి వేగం పుంజుకుంటూ ఎక్కుతున్న జెట్‌కి ఇది సరిపోయే సగటే. అంటే పైలట్ దారి తప్పి తిరగలేదు, వెనక్కి మళ్ళే ప్రయత్నమూ జరిగినట్టు లేదు. తన దారిన తను ఎక్కుతూ వెళ్ళింది. 32,000 అడుగులకు ఎక్కుతున్నామని రేడియోలో చెప్పారు కూడా. భాగహారం ఒకటి చేస్తే ఇంత తెలిసింది.

ముక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో రిపోర్టులో పటం ఉంటే దాని మీద ఒక గంట పెట్టండి. లేచిన వైపు దగ్గరగా పడిన ముక్క ముందు విరిగిందనీ, దూరంగా పడింది తర్వాత విరిగిందనీ మొదటి అంచనా. అంచనా మాత్రమే. ఎందుకంటే గాలి ఉంది. దీనికి మావాణ్ణి మేడ మీదకు తీసుకెళ్ళి ఒక చేత్తో గులకరాయి, ఇంకో చేత్తో తమలపాకు ఇచ్చి ఒకేసారి వదలమన్నాను. రాయి వాడి కాళ్ళ కిందే పడింది. ఆకు పక్కింటివాళ్ళ సంపులో పడింది. ఆవిడ కింద నుంచి "ఏంటన్నయ్యా అది" అని అరిచింది. ఇంజను రాయిలాంటిది, తోక రేకు ఆకులాంటిది. అందుకని పటంలో బరువైన ముక్కలకు ఒక రంగు, పల్చటి రేకులకు ఇంకో రంగు వేయండి. బరువైనవి విమానం వెళ్తున్న దారి చెప్తాయి, పల్చటివి ఆవేళ గాలి ఎటు వీచిందో చెప్తాయి. రెండూ కలిపేసి చదివితే తప్పు చదువుతారు.

చూసినవాళ్ళు

సాక్షుల మాటలు చాలామంది రెండు రకాలుగా పాడు చేస్తారు. కొందరు పల్లెటూరివాళ్ళకేం తెలుసని వదిలేస్తారు, కొందరు చెప్పిందంతా నిజమని పట్టుకుంటారు. మీరు చేయాల్సింది, వాళ్ళు చూసింది ఒకవైపు, అనుకున్నది ఇంకోవైపు రాయడం. "రెక్కలు లేవు" అనేది చూసింది. "మంటలొచ్చాయి" అనేది కూడా చూసిందే. "మంటలొచ్చి కూలిపోయింది" అన్నామంటే దానిలో ఒక తీర్పు దూరింది. కామెట్ రెక్కల్లోనే ఇంధనం ట్యాంకులు ఉంటాయి. రెక్క ఊడితే మంట వస్తుంది. మంట వచ్చి రెక్క ఊడిందా, రెక్క ఊడి మంట వచ్చిందా అనేది కింద నుంచి చూసేవాడికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ పని ముక్కలు చూసేవాళ్ళది.

"లేదా" కింద గీత

ఇప్పుడు కారణం పేజీ తెరవండి. ఎర్ర పెన్ను తీసుకుని, "లేదా" అనే మాట ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీయండి. నా మటుకు రిపోర్టు మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన మాట అదే.

కలకత్తా ప్రమాదం మీద భారత ప్రభుత్వం జరిపించిన విచారణ ఏం తేల్చిందంటే, విమానం తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ బరువు (సామాను బరువు కాదు, ఎగిరేటప్పుడు రెక్కల మీదా తోక మీదా పడే బలం) పడి దాని కట్టడం గాలిలోనే విరిగింది. ఆ బరువు గాలివానలోని తీవ్రమైన కుదుపుల వల్ల పడి ఉండాలి, లేదా ఆ గాలివానలో పైలట్ కంట్రోళ్ళను ఎక్కువగా కదిపినందువల్ల గానీ విమానం చేయి జారినందువల్ల గానీ పడి ఉండాలి. చూడండి, "గాలివానలో చిక్కుకుని విరిగిపోయింది" అన్న మావాడి వాక్యంలో ఈ "లేదా" మాయమైపోయింది. వాడొక్కడే కాదు, ఎవరు తిరగరాసినా మొట్టమొదట చెరిగిపోయేది ఈ మాటే. వాక్యం నున్నగా వస్తుంది కదా మరి.

ఆ "లేదా"ను పట్టుకుంటే ఇంకో ప్రశ్న పుడుతుంది. పైలట్ చేతిలో అంత బలం ఎలా వచ్చింది? అంతకు ముందు విమానాల్లో కంట్రోలు గట్టిగా లాగితే గాలి ఎదురు నెట్టేది, చేతికి తెలిసేది. కామెట్‌లో పైలట్ చేతికీ, రెక్కల మీదా తోక మీదా కదిలే పలకలకూ మధ్య హైడ్రాలిక్ యంత్రం వచ్చింది. కారులో పవర్ స్టీరింగ్ ఉన్నవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. పార్కింగ్‌లో ఒక్క వేలితో తిప్పేస్తాం. అదే తేలికతనం విజయవాడ హైవే మీద వంద స్పీడులో కూడా ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఎంత లాగుతున్నామో చేతికి తెలియదు. విమానం కుదుపులో పడి ముక్కు కిందకు వంగితే, పైకి లేపే కంగారులో కొంచెం ఎక్కువ లాగినా రెక్క మీద పడే బరువు విపరీతంగా పెరుగుతుంది.

విచారణ అక్కడితో సరిపెట్టుకోకుండా, ముందు ఏ భాగం విరిగిందో ముక్కలను ఇంకా వివరంగా పరీక్షించాలని కూడా సూచించింది. ముక్కలు ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఉన్న విమాన పరిశోధన కేంద్రానికి చేరాయి. అక్కడ వాటిని పేర్చి చూస్తే విరగడం తోక దగ్గర, ఎడమ ఎలివేటర్ లోపలి దూలం దగ్గర మొదలైందని తేలింది. ఆ తర్వాత రెక్కలు. ఎలివేటర్ అంటే విమానం ముక్కును పైకీ కిందకీ చేసేది. పైలట్ లాగింది ఎక్కడికి చేరుతుందో ఆ చోటే. అయినా "లేదా" పోలేదు, ఎందుకంటే గాలి కుదుపు కూడా ఆ చోటునే కొట్టగలదు. ముందు ఏది విరిగిందో తెలిసిపోవచ్చు, దాన్ని ఏది విరిచిందో తెలియకపోవచ్చు. ఈ రెండింటికీ నోటుబుక్కులో రెండు వేర్వేరు పేజీలు పెట్టండి.

అన్నదమ్ములను పిలవండి

రెండో ఆదివారం మావాడు బాగా ఉత్సాహంగా వచ్చాడు. "మావయ్యా, దొరికింది! కామెట్లన్నీ మెటల్ ఫెటీగ్ వల్ల పడ్డాయి, కిటికీలు చదరంగా ఉండటం వల్ల. వీడియో చూశా." మెటల్ ఫెటీగ్ అంటే పదే పదే లాగుడు పడి లోహం అలసిపోయి పగలడం. ఇది రెండో పెద్ద పొరపాటు. ఒక ప్రమాదం గురించి చదివేటప్పుడు అదే మోడల్ విమానానికి ముందూ వెనకా జరిగినవన్నీ చదవాలి, నిజమే. అన్నిటినీ ఒకే గోనె సంచిలో కూరకూడదు.

కామెట్ అన్నదమ్ములను వరసగా నిలబెడదాం. 1952 అక్టోబరు 26న రోమ్‌లో ఒక కామెట్ రన్‌వే మీంచి లేవలేక పోయింది, ఎవరూ చనిపోలేదు. 1953 మార్చి 3న కరాచీలో ఇంకొకటి అలాగే లేవలేక కూలింది. అది కెనడా కంపెనీకి కొత్త విమానాన్ని చేరవేసే ప్రయాణం, 11 మంది పోయారు. ఈ రెండింట్లో పైలట్ ముక్కును ఎక్కువ ఎత్తాడని అన్నారు. కానీ ముక్కు కాస్త ఎక్కువ ఎత్తితే చాలు, ఆ రెక్క గాలిని పట్టుకోవడం మానేస్తుందన్నది కూడా నిజమే. తర్వాత కంపెనీ రెక్క ముందు అంచు ఆకారమే మార్చింది. పైలట్ తప్పని రాసి, రెక్క మార్చారు. నేను ఆ రెండు విషయాలనూ పక్కపక్కన రాసుకుంటాను, మిగతాది మీరే అనుకోండి.

మూడోది మన కలకత్తా. నాలుగోది 1954 జనవరి 10, రోమ్ నుంచి లేచిన ఇరవై నిమిషాలకు ఎల్బా దీవి దగ్గర సముద్రంలో, 35 మంది. పైలట్ వేరే విమానంతో రేడియోలో మాట్లాడుతుంటే వాక్యం మధ్యలోనే తెగిపోయింది. 1952 మే 2న మొట్టమొదటి జెట్ సర్వీసు నడిపిన విమానం ఇదే. కామెట్లను ఆపేశారు, అరవై దాకా మార్పులు చేశారు, మార్చి 23న మళ్ళీ ఎగరనిచ్చారు. అసలు కారణం దొరక్కుండానే. పదహారు రోజులకు, ఏప్రిల్ 8న, రోమ్ నుంచి కైరోకి బయల్దేరింది నేపుల్స్ దగ్గర సముద్రంలో పడింది, 21 మంది. 

ఈ ఐదింట్లో లోహం అలసిపోయి పడినవి చివరి రెండు. మొదటి రెండూ రెక్కవి. మధ్యలో ఉన్న కలకత్తాకు తన సొంత కథ ఉంది, దాంట్లో విచారణ ఫెటీగ్‌ను కారణంగా తీసుకోలేదు. మావాడి మొహం కాస్త వాడిపోయింది. వీడియో బాగానే చేశారట.

చేత్తో చేసి చూడండి

అయినా వాడి పాయింటు వదల్లేదు. ఫెటీగ్ అర్థం కాకుండా కామెట్ అర్థం కాదు. కట్టుతీగ ఇప్పుడు తీయండి. ఒకసారి గట్టిగా లాగండి, తెగదు. అదే తీగను ఒకే చోట ఇటూ అటూ వంచుతూ లెక్కపెట్టండి. నా చేతిలో మొదటిది పదమూడుకి, రెండోది పదిహేడుకి తెగింది. ఒకే చుట్ట, ఒకే చెయ్యి. మూడోదానికి ఆకురాయితో చిన్న గాటు పెట్టి వంచితే ఆరుకే పోయింది. ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. ఒక్కసారికి తట్టుకున్నది వందసార్లకు తట్టుకోవాలని లేదు. ఏ చోట తెగుతుందో గాటు చెప్తుంది గానీ, ఎన్నోసారికి తెగుతుందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

తర్వాత న్యూస్‌పేపరులో ఒక చోట చదరంగా, ఒక చోట గుండ్రంగా చిల్లులు కోసి అంచులు పట్టుకుని లాగండి. చదరం మూల నుంచి చిరుగు మొదలవుతుంది. ఇది చూసి మా ఆవిడ నవ్వింది. ఆవిడ బ్లౌజులు కుడుతుంది. "స్క్వేర్ నెక్ కుట్టేటప్పుడు మూలకి ముందే ఓ ముక్క అతికించకపోతే రెండో ఉతుక్కే చిరుగుతుంది, దీనికి పేపరు చింపాలా?" అంది. డీ హావిలాండ్‌వాళ్ళు కూడా మూలలకు ముక్కలు వేశారు. చుట్టూ రేకు మాత్రం 0.7 మిల్లీమీటర్లే, మూల దగ్గర పడే లాగుడు వాళ్ళ లెక్క కన్నా ఎక్కువే ఉంది.

కామెట్ చాలా ఎత్తున ఎగిరేది కాబట్టి లోపల గాలి నింపాలి. ఎక్కినప్పుడల్లా బుడగలా ఉబ్బుతుంది, దిగినప్పుడల్లా తగ్గుతుంది. చివరి రెండు ప్రమాదాల తర్వాత ఫార్న్‌బరోలో, ఆ కేంద్రం డైరెక్టర్ ఆర్నాల్డ్ హాల్ నాయకత్వంలో ఏం చేశారంటే, ఒక కామెట్‌ను తెచ్చి దాని చుట్టూ నీళ్ళ తొట్టి కట్టి, లోపలా బయటా నీళ్ళు నింపి, లోపల ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోయారు. రెక్కలు తొట్టి బయటికి ఉండేవి, వాటిని జాకీలతో వంచేవాళ్ళు. నీళ్ళే ఎందుకు అని మావాడు అడిగాడు. గాలి నింపిన లారీ ట్యూబు పగిలితే చుట్టుపక్కలవాళ్ళు పరిగెడతారు. నీళ్ళు నింపిన ట్యూబు పగిలితే కారుతుంది, అంతే. గాలితో చేస్తే విమానం బాంబులా పేలి, ఎక్కడ మొదలైందో ఆనవాలు మిగలదు. నీళ్ళతో చేస్తే పగులు పగులులాగే మిగులుతుంది.

ఆ విమానం అంతకు ముందు నిజంగా 1,221 సార్లు ఎగిరింది. తొట్టిలో ఇంకో 1,836 సార్లు ఉబ్బించాక పగిలింది. మొత్తం 3,057. ఎల్బా విమానం 1,290కే పోయింది, నేపుల్స్‌ది 900కే. పదమూడూ పదిహేడూ గుర్తున్నాయా?

ఎల్బా దగ్గర ముక్కలను సముద్రం అడుగు నుంచి టీవీ కెమెరాలతో వెతికి తీశారు. పగులు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, విమానం పైకప్పు మీద, రేడియో ఏరియల్ కోసం కోసిన చిన్న కిటికీ మూల దగ్గర. లోపల కూర్చున్నవాళ్ళకు అది కనిపించను కూడా కనిపించదు. వీడియోలవాళ్ళు చదరపు కిటికీలు అని ఊరికే అనేస్తారు. ప్రయాణికుల కిటికీల మూలలు నిజానికి కాస్త గుండ్రంగానే ఉండేవి. తొట్టిలో విమానం కిటికీ మూల దగ్గర పగిలిన మాట నిజమే కాబట్టి వాళ్ళది పూర్తి అబద్ధం కూడా కాదు.

నా పనికి సంబంధించిన ముక్క ఒకటి ఇక్కడుంది. తయారీలోనే ఆ కిటికీల చుట్టూ కొన్ని సన్న పగుళ్ళు వచ్చాయని, వాటి కొనల దగ్గర చిన్న రంధ్రాలు వేసి ఆపారని విచారణలో బయటపడింది. వినడానికి ఘోరంగా ఉంటుంది, పగిలిన రేకుకి ఇంకో రంధ్రమా అని. కానీ ఇది మా షాపులో రోజూ చేసే పనే. పగులు కొన సూదిలా ఉంటుంది, లాగుడంతా అక్కడే పోగవుతుంది. గుండ్రటి రంధ్రం వేస్తే ఆ సూదిమొన మొద్దుబారుతుంది, పగులు ముందుకు పోదు. చిక్కు ఏమిటంటే కంటికి కనిపించే కొన అసలు కొన కాదు. ఎర్ర రంగు పూసి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, తెల్ల మందు చల్లితే పగుల్లో దాక్కున్న ఎరుపు వెంట్రుకలా పైకి వస్తుంది. ఒక్కోసారి మనం గుర్తు పెట్టిన చోటును దాటి ఇంకా ముందుకు. కొత్తలో నేనొకసారి చూపు మీద నమ్మకంతో రంధ్రం వేశాను. మా ఇన్‌స్పెక్టరు తెల్ల మందు చల్లి, ఏమీ అనకుండా నన్ను పిలిచి చూపించారు. నా రంధ్రం దాటి మూడు మిల్లీమీటర్ల ఎర్ర గీత. ఆ రేకు మొత్తం మార్చాం.

పరీక్షను పరీక్షించండి

రిపోర్టులో "ముందే పరీక్షించారు" అని కనిపిస్తే వెంటనే నమ్మకుండా, దేన్ని పరీక్షించారు, ఆ వస్తువు అంతకు ముందు ఏం అనుభవించింది అని అడగండి. డీ హావిలాండ్ అలసత్వం చూపిన కంపెనీ కాదు. క్యాబిన్ భాగాన్ని పదహారు వేలసార్లకు పైగా ఉబ్బించి చూశారు, నిలబడింది. మరి నిజం విమానం వెయ్యికే ఎందుకు పోయింది? ఆ పరీక్ష ముక్కనే అంతకు ముందు మామూలు కన్నా రెట్టింపు ఒత్తిడితో పరీక్షించి ఉన్నారు. అంత ఒత్తిడికి మూలల్లో లోహం కొద్దిగా సాగిపోయింది. ఒత్తిడి తీసేశాక చుట్టుపక్కల రేకు ఆ సాగిన చోటును లోపలికి నొక్కి పట్టింది. అప్పట్నుంచి ఎంత ఉబ్బించినా, ముందు ఆ నొక్కుడు తీరాకే లాగుడు మొదలయ్యేది. ట్యూషన్ చెప్పించిన పిల్లాడికి పరీక్ష పెట్టి, క్లాసంతా పాసవుతుందని లెక్కేసుకున్నట్టయింది.

ఈ ఒక్క పేరా కోసం నేను మావాణ్ణి గంటసేపు కూర్చోబెట్టాను. ఫోను మూడుసార్లు చూశాడు గానీ, చివరికి బొమ్మ వాడే గీశాడు.

చివర్న, ఏం మార్చారు

కారణం గురించి రిపోర్టు ఏం చెప్పినా, ఆ తర్వాత ఏం మార్చారో విడిగా రాసుకోండి. కలకత్తా తర్వాత కుదుపుల్లో ఎంత వేగం మించకూడదో కఠినంగా పెట్టారు. కామెట్లలో వాతావరణ రాడార్ పెట్టారు. వేగం పెరిగేకొద్దీ కంట్రోలు చేతికి బరువుగా తగిలేలా కృత్రిమంగా ఒక ఏర్పాటు చేశారు. మొదటి రెండూ గాలివానకు మందు, మూడోది చేతికి మందు. "లేదా"కు రెండు వైపులా మందు వేశారన్నమాట. రిపోర్టు తేల్చలేనిది కూడా ఇలా మార్పుల్లో కనిపిస్తుంది. కామెట్ కొత్త రూపంలో 1958 అక్టోబరులో అట్లాంటిక్ మీదుగా మళ్ళీ సర్వీసుకొచ్చింది, కానీ అదే నెలలో బోయింగ్ 707 కూడా వచ్చేసింది. ఇక మార్కెట్ వాళ్ళదే.

మూడో ఆదివారం మావాడు పద్నాలుగు పేజీలు తెచ్చాడు. నేను చివరి పేజీ మాత్రమే చూశాను. మొదట "గాలివానలో చిక్కుకుని విరిగిపోయింది" అని రాసిన చోట ఇప్పుడు ఇలా ఉంది: "ముందుగా ఎడమ ఎలివేటర్ దూలం విరిగింది. దాన్ని విరిచిన బరువు గాలిదో, పైలట్ చేతిదో తేలలేదు." 

సోమవారం ఇచ్చాడు. లెక్చరర్ ఆ రెండో వాక్యం కింద ఎర్ర గీత గీసి, పక్కన "మరి ఏది?" అని రాసి తిప్పి పంపారట.